అడిగితే చేసేవాళ్లమట!

ఏదో ఒక కాలేజీ హాస్టల్లో ఓ విద్యార్థి ప్రాణం తీసుకున్న మర్నాడు జిల్లా పేజీలో ప్రిన్సిపాల్ గారి మాట ఒకటి తప్పనిసరిగా అచ్చవుతుంది. ‘చాలా మంచి కుర్రాడు. నెమ్మదస్తుడు. మాతో ఒక్క మాట చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు.’ దాని కిందే యాజమాన్యం వివరణ: మా దగ్గర కౌన్సెలింగ్ సెల్ ఉంది, మెంటర్లున్నారు, హెల్ప్‌లైన్ నంబరు నోటీసు బోర్డులో పెట్టాం. వారం తిరక్కుండా ఆదివారం సంచికలో ఎవరో డాక్టరుగారి వ్యాసం వస్తుంది: బాధ దాచుకోకండి, నోరు విప్పండి, సాయం అడగడం తప్పు కాదు. ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం, అంటే అక్టోబరు 10, వచ్చిందంటే ఇవే మాటలు ఫ్లెక్సీల మీదికెక్కుతాయి. ఎన్‌ఎస్‌ఎస్ పిల్లల చేతుల్లో ఊరంతా తిరిగి, మధ్యాహ్నానికి కాలేజీ గేటు దగ్గర గ్రూప్ ఫొటోతో ముగుస్తాయి.

ఈ మాటలనేవాళ్లలో చాలామంది మంచివాళ్లే. కానీ అందరి నోటా ఒకే వాదన పలుకుతోంది. సాయం సిద్ధంగా ఉంది, పిల్లలే అడగడం లేదు, కారణం సిగ్గు, అవగాహన లేకపోవడం, నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం. కాబట్టి సదస్సులు పెట్టి, పోస్టర్లు అంటించి, వాళ్ల నోరు తెరిపిస్తే సగం పని అయిపోతుంది. ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు, పత్రికలు, ఆఖరికి తల్లిదండ్రులు కూడా దీన్ని ఎంతగా నమ్మేశారంటే, ఇది ఒక వాదన అని, దీన్ని రుజువు చేయాల్సి ఉంటుందని ఎవరికీ తోచడం మానేసింది.

నేను దీన్ని ఒప్పుకోను. ఇంజనీరింగ్ కాలేజీల్లో చాలా ఏళ్లు పాఠాలు చెప్పిన వాడిగా, క్లాస్ ఇన్‌చార్జిగా, మెంటర్ అనే బిరుదు మోసిన వాడిగా నేను చూసింది వేరు. పిల్లలు అడుగుతున్నారు. తమకు చేతనైన భాషలో, తమకు దొరికిన మనిషిని అడుగుతున్నారు. అడిగినందుకు ఏం జరుగుతుందో చూసి, రెండోసారి అడగడం మానేస్తున్నారు. పక్కవాడికి ఏం జరిగిందో చూసినవాళ్లు మొదటిసారి కూడా అడగడం లేదు. దీనికి సిగ్గు అని పేరు పెట్టడం అన్యాయం. లాభనష్టాలు బేరీజు వేసుకుని చేసిన తెలివైన పని అది.

ముందు అడగడం సంగతి చూద్దాం. కేంద్రం 2022 అక్టోబరు 10న టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ మొదలుపెట్టింది. 14416కి ఏ వేళ ఫోన్ చేసినా, తెలుగులో కూడా, డబ్బు ఖర్చు లేకుండా మాట్లాడవచ్చు. పేరు చెప్పాలని లేదు, నాన్నకు తెలిసే పని లేదు. 2025 నాటికి ఆ నంబరుకు వచ్చిన ఫోన్లు 20 లక్షలు దాటాయని ప్రభుత్వమే చెప్పింది. జనం నోరు విప్పరనే సిద్ధాంతం నిజమైతే ఈ 20 లక్షల ఫోన్లు ఎవరు చేసినట్టు? నమ్మకంగా వినే గొంతు అవతల ఉందని తెలిస్తే మనవాళ్లు మాట్లాడతారు. ఎవరు విన్నా ఇంటికి చేరుతుందని తెలిస్తే మాట్లాడరు.

ఇంకో రకం అడగడం ఉంది. అది ఎవరి లెక్కలోకీ రాదు. ఒక రెసిడెన్షియల్ క్యాంపస్‌లో పనిచేసే రోజుల్లో డిస్పెన్సరీ వరండాలో కాసేపు కూర్చునేవాణ్ని. సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడుతుంటే అక్కడ వరస పెరిగేది. కడుపులో మంట, తలనొప్పి, గుండెదడ, అన్నం సయించడం లేదు, రాత్రి మూడింటికి మెలకువ వచ్చేస్తోంది. నర్సమ్మ అందరికీ గ్యాస్ బిళ్లలు, బీ కాంప్లెక్స్ ఇచ్చి పంపేది. ఆమెకు తెలియక కాదు. ‘ఈ పిల్లల రోగం కడుపులోది కాదు సార్. కానీ నా దగ్గర ఉన్నవి ఈ బిళ్లలే కదా’ అని ఆమే అంది. నెలలో నాలుగుసార్లు కడుపునొప్పి అని వచ్చిన ఆడపిల్ల సాయం అడగలేదని ఎవరనగలరు? ఆ వరండాలో ఒక శిక్షణ పొందిన మనిషి కూర్చుని ‘నిద్ర ఎలా ఉంటోందమ్మా?’ అని అడిగి ఉంటే చాలు, ఏ ర్యాలీ అక్కర్లేకుండానే సగం కథ బయటికొచ్చేది.

రాతపూర్వకంగా అడిగినవాళ్లూ ఉన్నారు. రోహిత్ వేముల పేరు తెలియని తెలుగువాడు లేడు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అతన్నీ మరో నలుగురు దళిత పరిశోధక విద్యార్థులనీ హాస్టల్ నుంచి వెలివేశారు. అతనికి నెలల తరబడి ఫెలోషిప్ డబ్బు రాలేదు. 2015 డిసెంబరులో అతను నేరుగా వైస్ ఛాన్సలర్‌కే లేఖ రాశాడు. ఆ లేఖలో వ్యంగ్యం ఉంది, కానీ అందులోని ప్రమాదం చదివిన ఎవరికైనా అర్థమవుతుంది. నెల తిరిగి, 2016 జనవరి 17న అతను లేడు. నోరు విప్పమని సలహా ఇచ్చేవాళ్లు ఈ ఒక్క సంగతికి జవాబు చెప్పాలి. అంతకంటే గట్టిగా, అంతకంటే పైవాళ్లకు, అంతకంటే స్పష్టంగా ఎలా చెప్పాలి? అతనికి కావలసింది కౌన్సెలింగా, ఆగిపోయిన ఫెలోషిప్పూ ఊడిపోయిన గదీ న్యాయమూనా అన్నది ఇంకో ప్రశ్న. మనసు బాధకు బయట కారణాలున్నప్పుడు ఆ కారణాలను పట్టించుకోకుండా మనసును మాత్రమే బాగుచేస్తామనడం మన విద్యాసంస్థలకు బాగా అలవాటు.

2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నట్టు జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) లెక్క. వాళ్లంతా మౌనంగా వెళ్లిపోయారని మనం ఎలా చెప్పగలం? వాళ్లు చివరి ఆరు నెలల్లో ఎవరెవరి గుమ్మం తొక్కారో, ఏ సెలవు చీటీ రాశారో, ఎన్నిసార్లు ఫీజు గడువు అడిగారో ఏ కాలేజీ అయినా విచారించి బయటపెట్టిందా? అలాంటి నివేదిక ఒక్కటి నా కంటపడలేదు. విచారించకుండానే ‘చెప్పలేదు’ అని తేల్చేయడం యాజమాన్యానికి సౌకర్యం. చనిపోయినవాడు వచ్చి, ‘చెప్పాను సార్’ అనలేడు కదా.

సరే, ఆ కౌన్సెలింగ్ సెల్ ఎలా ఉంటుందో చూద్దాం. నేను చూసినది మేడ మీద, పరిపాలనా విభాగం నడవాలో, ప్రిన్సిపాల్ గది నుంచి మూడో తలుపు. నడవాలో సీసీ కెమెరా. తలుపు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో అటెండర్. అటెండర్ దగ్గర ఒక పొడుగాటి రిజిస్టర్. అందులో గళ్లు: తేదీ, పేరు, రోల్ నంబరు, బ్రాంచి, సెక్షన్, వచ్చిన కారణం, సంతకం. ఆ ‘వచ్చిన కారణం’ గడిలో ఏం రాయాలి? ముందు వచ్చినవాళ్లు ఏం రాశారో చూసి రాయవచ్చు, ఎందుకంటే పేజీ తెరిచే ఉంటుంది. నేను తిరగేసిన పేజీల్లో అందరి కారణమూ ఒకటే: ‘చదువులో సందేహం’. లోపల కూర్చున్నది ఇంగ్లిషు చెప్పే మేడం. ఆమె మంచి మనిషి. వారానికి పద్ధెనిమిది గంటల పాఠం మీద ఈ బాధ్యత అదనం. ఆమెకు ఇచ్చిన శిక్షణ ఒక పూట వర్క్‌షాప్, ఒక సర్టిఫికెట్. అదే మేడం ఇంటర్నల్ మార్కులు వేస్తుంది, హాజరు వేస్తుంది. తన మార్కులు చేతిలో పెట్టుకున్న మనిషి ముందు ‘మూడు వారాలుగా మంచం దిగలేకపోతున్నాను మేడం’ అని ఏ విద్యార్థి చెబుతాడు?

మెంటర్ల సంగతి నేను మెంటర్ని కాబట్టి ధైర్యంగా చెబుతాను. కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ బృందం వస్తోందంటే మెంటర్‌కు విద్యార్థుల నిష్పత్తి చూపించాలి. దానికోసం ప్రతి అధ్యాపకుడికీ కొందరు పిల్లల్ని పంచుతారు, ఒక్కొక్కరికీ ఒక మెంటర్ డైరీ. బృందం రావడానికి పది రోజుల ముందు స్టాఫ్ రూమ్‌లో ఒక పండగ వాతావరణం ఉంటుంది. నీలం ఇంకు పెన్ను, నలుపు ఇంకు పెన్ను మార్చి మార్చి రెండేళ్ల సమావేశాలు ఒక్క మధ్యాహ్నంలో రాసేస్తారు. ‘హాజరు మెరుగుపరచుకోమని చెప్పడమైనది.’ ‘విద్యార్థి సంతృప్తి వ్యక్తం చేసినాడు.’ పిల్లల్ని పిలిచి వరసగా సంతకాలు పెట్టించుకుంటారు. ఆ పిల్లలు వెధవలు కాదు. తాము ఎన్నడూ జరపని సంభాషణ కింద తమ చేతే సంతకం పెట్టించిన సంస్థ, రేపు నిజంగా వెళ్తే తమ మాట వింటుందని వాళ్లు నమ్మాలట!

ఇక రహస్యం మాట. పిల్లాడు ధైర్యం చేసి చెప్పాడనుకుందాం. తరవాత జరిగేది రెండు తెలుగు రాష్ట్రాల్లోని కాలేజీల వాళ్లందరికీ తెలుసు. మేడం హెచ్‌ఓడీకి చెబుతుంది. హెచ్‌ఓడీ ప్రిన్సిపాల్‌కి. సాయంత్రానికి ఆఫీసు నుంచి ఇంటికి ఫోన్: ‘మీ అబ్బాయి పరిస్థితి బాగోలేదు, వెంటనే రండి.’ శ్రీకాకుళం పక్క పల్లె నుంచో, ఆదిలాబాద్ నుంచో ఆ తండ్రి రాత్రి బస్సెక్కి, తెల్లారి గేటు దగ్గర నిలబడతాడు. ఆయనకు కాఫీ ఇస్తారు, కుర్చీ వేస్తారు, ఒక కాగితం ముందు పెడతారు. తమ కుమారుడి ఆరోగ్య విషయంలో పూర్తి బాధ్యత తమదేనని, ఏమి జరిగినా కళాశాలకు సంబంధం లేదని హామీ. ఆయన చదవకుండానే సంతకం పెడతాడు. కొడుకును తీసుకుని వెళ్లిపోతాడు. దారిలో అడిగేది ఒకటే: ‘నీకేం తక్కువ చేశాన్రా?’ కుర్రాడు రెండు వారాల తరవాత తిరిగొస్తే హాస్టల్లో అతని గదిలో వేరేవాళ్లుంటారు. తోటివాళ్లు ఏమీ అనరు, అదే ఇంకా బాధ. ఈ మొత్తం తతంగం పక్క గదుల్లోని నలభైమంది చూశారు. వాళ్లలో అప్పటికే నిద్రపట్టనివాళ్లు నలుగురైనా ఉంటారు. ఇక వాళ్లు అడగరు. ఆ పై నెల అవగాహన సదస్సులో ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొడతారు.

చట్టం ఇలా చెప్పలేదు. 2017లో పార్లమెంటు చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నుంచి అమల్లో ఉంది. దాని 23వ సెక్షన్ మానసిక అనారోగ్యం ఉన్న వ్యక్తి సమాచారాన్ని గోప్యంగా ఉంచాలంటుంది. ప్రాణానికి ముప్పున్నప్పుడు, అది తప్పించడానికి ఎంత అవసరమో అంత మాత్రమే చెప్పవచ్చంటుంది. పద్ధెనిమిదేళ్లు దాటినవాడు చట్టం దృష్టిలో పెద్దవాడు. కాకపోతే ఆ గోప్యత బాధ్యత వైద్య సేవలందించేవాళ్ల మీద పెట్టారు. మన కౌన్సెలర్ కుర్చీలో ఇంగ్లిషు మేడమో ఫిజికల్ డైరెక్టరో కూర్చుంటే ఆ సెక్షన్ ఎవరికి గుర్తొస్తుంది? ఆ చట్టంలోనే 115వ సెక్షన్ ఇంకో మాట చెప్పింది: ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడని భావించాలి, శిక్షించకూడదు, ప్రభుత్వం సంరక్షణ ఇవ్వాలి. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన ఐపీసీ పాత 309వ సెక్షన్ లేనే లేదు. రాజ్యం శిక్ష మానుకుంది. కాలేజీ మానుకోలేదు: హాస్టల్ ఖాళీ చేయమంటుంది, టీసీ తీసుకెళ్లమంటుంది.

ఇక్కడ ఒక వైస్ ప్రిన్సిపాల్ మిత్రుడు నాతో గట్టిగా వాదించాడు. ‘నువ్వు రాతగాడివి, నీకేం పోయింది? రేపు పిల్లాడు ఏదైనా చేసుకుంటే టీవీ వాళ్లు మా గేటు ముందు కూర్చుంటారు. ముందే తెలిసి తండ్రికి ఎందుకు చెప్పలేదంటారు. కేసు నా మీద పెడతారు.’ ఈ భయాన్ని నేను కొట్టిపారేయను. నిజంగా ప్రాణం మీదికొచ్చినప్పుడు ఇంటివాళ్లకు చెప్పాల్సిందే, చట్టమూ ఒప్పుకుంటుంది. కానీ నిద్ర పట్టడం లేదన్నవాడికి, ప్రేమ చెడి ఏడ్చిన అమ్మాయికి, రెండు సబ్జెక్టులు తప్పి తల తిరుగుతున్నవాడికి కూడా ఇదే ఫోను, ఇదే కాగితం. తేడా చెప్పగలిగిన మనిషిని పెట్టుకోలేదు కాబట్టే అందరికీ ఒకే మందు. పైగా ఆ హామీ పత్రం పిల్లాడి ప్రాణాన్ని ఎలా కాపాడుతుందో నాకు ఎవరూ చెప్పలేకపోయారు. అది కాపాడేది సంస్థని. జరిగేదేదో ఆవరణ బయట జరిగితే చాలునన్న లెక్క తప్ప అందులో వేరే ఏమీ లేదు. కొందరు పిల్లల విషయంలో తండ్రే ఆ బాధకు మూలమని కూడా ఈ ఫోన్ చేసేవాళ్లకు తట్టదు.

ఆడపిల్లల పరిస్థితి ఇంకో మెట్టు కింద. హాస్టల్ గేటు దాటాలంటే ఔట్‌పాస్. ఔట్‌పాస్ కావాలంటే ఇంట్లో నమోదైన నంబరు నుంచి ఫోన్, చాలా చోట్ల ఓటీపీ. అంటే ఒక ఇరవై ఏళ్ల అమ్మాయి సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లాలంటే ముందు నాన్నకు, తరవాత వార్డెన్‌కు, ఆపైన వాచ్‌మన్‌కు చెప్పుకోవాలి. పంటినొప్పి అని అబద్ధమాడి వెళ్లే అమ్మాయిలున్నారు. ఈ అబద్ధాన్ని అవగాహన లోపంలో ఎలా జమకడతారు?

ఈ వ్యాసంలో నేను అన్నిటికంటే ఎక్కువగా తగాదా పడదలచుకున్నది హాజరుతో. జేఎన్‌టీయూ పద్ధతిలో సెమిస్టర్‌కు 75 శాతం హాజరుండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే సరైన కారణం చూపి, ఫీజు కట్టి, కండోనేషన్ తెచ్చుకోవచ్చు. 65 కిందికి దిగితే ఏ కారణమూ పనికిరాదు, డిటెయిన్. సెమిస్టర్ అంటే సుమారు పదహారు వారాలు. 35 శాతం అంటే అయిదున్నర వారాలు. ఇప్పుడు డిప్రెషన్ లెక్క చూడండి. మందు మొదలుపెట్టాక గుణం కనపడటానికే రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. మొదట ఇచ్చిన మందు పడకపోతే మార్చాలి. డాక్టర్ దగ్గరికి వెళ్లకముందే మంచంలో గడిచిపోయిన వారాలు దీనికి అదనం. మామూలుగా తగ్గుతున్న జబ్బే ఒక సెమిస్టర్‌ను మింగేస్తుంది. సెమిస్టర్ పోయిందంటే మళ్లీ అదే సెమిస్టర్ వచ్చేదాకా ఆగాలి, అంటే ఏడాది. ఫీజు రీయింబర్స్‌మెంటుకూ 75 శాతం హాజరే షరతు. బలహీన వర్గాల ఇంటి పిల్లాడికి హాజరు పోవడమంటే ఫీజు పోవడం, ఫీజు పోవడమంటే చదువు పోవడం.

కండోనేషన్ కోసం ఆ 65కీ 75కీ మధ్య ఉన్నవాళ్లు తెచ్చే మెడికల్ సర్టిఫికెట్లు నా చేతుల మీదుగా ఎన్నో వెళ్లాయి. టైఫాయిడ్, పచ్చకామెర్లు, డెంగీ, వైరల్ జ్వరం. మా ఊళ్లో ప్రతి డిసెంబరులోనూ, ప్రతి ఏప్రిల్‌లోనూ టైఫాయిడ్ ఇంతగా ప్రబలుతుందని జిల్లా వైద్యాధికారికి తెలిస్తే గుండె ఆగుతుంది. డిప్రెషన్ అని, పానిక్ అని రాసి ఉన్న సర్టిఫికెట్ ఒక్కటి కూడా నాకు రాలేదు. ఒకసారి ఒక విద్యార్థిని మాత్రం తటపటాయించి, ‘సార్, అసలు కాగితం వేరే ఉంది. కానీ ఆఫీసులో అది ఇస్తే రేపు ప్లేస్‌మెంట్ వాళ్లకు తెలుస్తుందట కదా, అందుకే మా ఊరి డాక్టర్ దగ్గర టైఫాయిడ్ రాయించా’ అంది. ఆ అమ్మాయి డాక్టర్‌ను వెతుక్కుంది, వెళ్లింది, మందు వాడింది, కోలుకుంది. అవగాహన ఉన్నట్టా, లేనట్టా? ఆమె దగ్గర లేనిదల్లా, నిజం చెబితే నష్టం రాదన్న హామీ. అది ఇవ్వాల్సింది మేం.

మన పిల్లలే సముద్రం దాటి అమెరికాలో ఎంఎస్‌కు వెళ్తే, ఎఫ్-1 వీసా నిబంధనల్లో ఒక వెసులుబాటు ఉంది. అనారోగ్యం వల్ల తక్కువ కోర్సులు తీసుకోవచ్చు, పూర్తిగా మానేయవచ్చు కూడా, ఒక డిగ్రీ కాలంలో మొత్తం పన్నెండు నెలల వరకు. డాక్టరే కాదు, లైసెన్సున్న క్లినికల్ సైకాలజిస్ట్ ఇచ్చిన కాగితం కూడా చెల్లుతుంది. విశ్వవిద్యాలయం ముందే అనుమతివ్వాలి, అంతే. అక్కడ అంతా బంగారమని నేననను. కౌన్సెలింగ్ కోసం ఎదురుచూపు, పరిమితమైన సెషన్లు, వీసా పోతుందేమోనన్న దిగులు అక్కడా ఉన్నాయి. కానీ విద్యార్థుల మీద అంత గట్టి నిఘా పెట్టే వీసా శాఖ కూడా మనసు జబ్బును జబ్బుగా గుర్తించి నిబంధనలో రాసుకుంది. మన అకడమిక్ రెగ్యులేషన్స్ రాసినవాళ్లకు ఆ మాత్రం తోచలేదు.

డబ్బు, సమయం గురించి రెండు ముక్కలు. హైదరాబాద్‌లో ప్రైవేటు సైకాలజిస్ట్ దగ్గర ఒక గంటకు వెయ్యి, పదిహేను వందలు, ఆపైన. హాస్టల్ పిల్లాడికి నెల ఖర్చే అంత. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంది, మందులూ ఉచితమే. గాంధీ, ఉస్మానియా, వరంగల్ ఎంజీఎం, గుంటూరు జీజీహెచ్ ఏదైనా తీసుకోండి. ఓపీ చీటీ ఉదయం పూటే. క్లాసులూ ఉదయం పూటే. వెళ్లిన ప్రతిసారీ ఒక రోజు హాజరు ఖర్చు. చూశారా, ఎటు తిరిగినా మళ్లీ అక్కడికే వస్తుంది. లక్ష జనాభాకు 0.75 మంది సైకియాట్రిస్టులున్న దేశంలో పిల్లలందరూ ఒక్కసారి నిజంగానే నోరు విప్పితే ఈ వ్యవస్థ ఏం చేస్తుందని అవగాహన సదస్సుల వక్తల్ని అడగాలనిపిస్తుంది.

ఎదుటి పక్షం వాదనలో బలమైనది కళంకం. ఒప్పుకుంటాను, ఉంది. మన దగ్గర తిట్టాలంటే ‘ఎర్రగడ్డకు పంపాలి’ అంటారు. విశాఖ వైపైతే చిన వాల్తేరు పేరు చెబుతారు. వేలమందికి వైద్యం చేసిన ఈ రెండు ప్రభుత్వ మానసిక వైద్యశాలలు మన నోళ్లలో ఎగతాళి మాటలయ్యాయి. పెళ్లి సంబంధాలు చెడతాయన్న భయం ఊరికే పుట్టింది కాదు. అయితే ఈ కళంకం ఎక్కడో గాలిలో ఉండదు. రిజిస్టర్‌లోని ‘వచ్చిన కారణం’ గడిలో ఉంటుంది. తండ్రి సంతకం పెట్టిన హామీ పత్రంలో, ఖాళీ చేయించిన గదిలో, ప్లేస్‌మెంట్ సెల్‌కు చేరుతుందన్న పుకారును ఖండించని ఆఫీసు మౌనంలో ఉంటుంది. సంస్థ తన చేతులతో కళంకాన్ని తయారుచేసి, దాన్ని పోగొట్టుకోమని పిల్లలకు సదస్సు పెడుతోంది.

‘ఈ తరం మెత్తన, మా కాలంలో కిరోసిన్ దీపం కింద చదివాం’ అనే పెద్దలకు ఎక్కువ జాగా ఇవ్వను. వాళ్ల కాలంలో చదువు మధ్యలో మాయమైనవాళ్ల పేర్లు ఎవరూ రాసుకోలేదు, అంతే.

కోర్టులు కదిలాయి, అది నిజం. 2025 మార్చిలో సుప్రీంకోర్టు ఉన్నత విద్యాసంస్థల్లో ఆత్మహత్యల మీద జస్టిస్ రవీంద్ర భట్ నాయకత్వంలో జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది. అదే ఏడాది జులైలో, విశాఖలో నీట్ శిక్షణ పొందుతూ చనిపోయిన ఒక బాలిక కేసులో తీర్పిస్తూ, మానసిక ఆరోగ్యం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమని చెప్పి పదిహేను మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్ట్‌నో, సోషల్ వర్కర్‌నో నియమించుకోవాలంది. మార్కులను బట్టి బ్యాచీలు విడగొట్టొద్దంది, నలుగురిలో అవమానించొద్దంది. విద్యార్థుల సంఖ్యకు తగినంత మంది కౌన్సెలర్లుండాలని కూడా అంది, కానీ ఆ తగినంత ఎంతో అంకె వేయలేదు. యాజమాన్యాలు ఆ తీర్పులో చదివే మాట ‘కనీసం ఒకరు’ మాత్రమే. అయిదు వేల మంది ఉన్న కాలేజీకీ ఒకరే, వంద మంది ఉన్నదానికీ ఒకరే. ఆ ఒకరిని కూడా కాంట్రాక్టు మీద, జీతం ఆర్నెల్లకోసారి ఇస్తూ, ప్రిన్సిపాల్ కింద పెడితే నడవాలో మూడో తలుపుకు కొత్త బోర్డు వస్తుంది, అంతకుమించి మారదు. భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) నమోదు ఉన్న క్లినికల్ సైకాలజిస్ట్‌కు ఎంత ఇవ్వాలో ఏ కాలేజీ బడ్జెట్‌లోనూ గీత కనపడదు. ఫ్లెక్సీలకు మాత్రం పద్దు ఉంటుంది.

డబ్బు లేదంటారు. సరే, డబ్బు అక్కర్లేని పనులే ముందు చేయండి. ఆ రిజిస్టర్ తీసి పారేయండి. కౌన్సెలింగ్ గదిని పరిపాలనా విభాగం నుంచి తీసి లైబ్రరీ వెనకో, డిస్పెన్సరీ పక్కనో పెట్టి, సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా తెరవండి. అక్కడ కూర్చునేవాళ్లు మార్కులు వేసేవాళ్లు కాకుండా చూడండి. ఏ పరిస్థితుల్లో ఇంటికి చెబుతారో, ఏ పరిస్థితుల్లో చెప్పరో ఒక పేజీలో తెలుగులో రాసి, మొదటి ఏడాది చేరిన రోజునే చేతికివ్వండి. హామీ పత్రాలు రాయించుకోవడం మానండి. ఔట్‌పాస్‌లో ఆసుపత్రి పనికి ఓటీపీ తీసేయండి. జిల్లా బోధనాసుపత్రి సైకియాట్రీ విభాగంతో మాట్లాడి నెలకు రెండు సాయంత్రాలు క్యాంపస్‌కు రమ్మనండి. వాళ్లు రారని ముందే తీర్మానించకండి, అడిగి చూడండి. పిల్లలకు చెప్పే సలహాయే కదా ఇది.

హాజరు నిబంధన మాత్రం కాలేజీ చేతిలో లేదు, విశ్వవిద్యాలయం అకడమిక్ కౌన్సిల్ చేతిలో ఉంది. అక్కడ కావలసినది ఒక తీర్మానం. జబ్బు పేరు లేని వైద్య ధ్రువపత్రం చెల్లుతుందని, సైకియాట్రిస్ట్ చికిత్సలో ఉన్నవాళ్లకు 65 శాతం గీత వర్తించదని, పోయిన సెమిస్టర్‌ను రీయింబర్స్‌మెంట్ కోల్పోకుండా మళ్లీ చదువుకోవచ్చని ఆ తీర్మానం చెప్పాలి. చివరి మాటకు సంక్షేమ శాఖ సంతకం కూడా కావాలి, అదొక్కటే కాస్త చిక్కు. మిగతా రెండూ మధ్యాహ్నం భోజనానికి ముందే అయిపోయే పనులు. అక్టోబరు 10కి ర్యాలీ ప్రారంభించడానికి వచ్చే వైస్ ఛాన్సలర్ గారిని ఈసారి విద్యార్థులు అడగాల్సింది ఇదే. వాళ్లు అడిగిన తేదీ, ఇచ్చిన కాగితం నకలు, వచ్చిన జవాబు దాచుకోవడం కూడా మంచిది. ఎవరూ అడగలేదనే మాట మళ్లీ వస్తే చూపించడానికి పనికొస్తాయి.